జిగురక్క అంటించిన గులాబీ మోకాలు

జిగురక్కకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండేది గానీ, హాజరుపట్టీలో తప్ప దానికి ఎక్కడా పని లేదు. పురుగుల మ్యూజియంలో చేరిన మూడో నెలలో ఎవరో “జిగురక్కా” అని పిలిచారు. ఆవిడ “ఆఁ” అని పలికింది. పలక్కుండా ఉండాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకుంది కానీ, అప్పటికే నోళ్ళన్నిటికీ అలవాటైపోయింది.

ఆవిడ పని చచ్చిన పురుగులను అట్టముక్కలకు అంటించడం. ఇంతేనా అని మూతి విరిచేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ మూతులను ఒక్కపూట ఆ బల్ల ముందు కూర్చోబెడితే తెలుస్తుంది. ఆవగింజంత పురుగును స్పిరిటు సీసాలోంచి పట్టకారుతో తియ్యాలి. గట్టిగా పడితే నలుగుతుంది. మెల్లగా పడితే ఎగిరి ఏ బీరువా కిందకో పోతుంది. చచ్చిందిలే అని నమ్మడానికి లేదు. కాగితం మీద తడి అద్ది, సన్నకుంచెతో కాళ్ళూ మీసాలూ దువ్వాలి. గట్టి అట్టను వేలిగోరంత ముక్కోణంగా కత్తిరించి, వెడల్పు వైపు సూది గుచ్చి, మొన మీద చుక్క జిగురు పెట్టి, దానికి పురుగు కుడిపక్కను తాకించాలి. జిగురు ఎక్కువైతే పురుగు మునుగుతుంది, తక్కువైతే రాలుతుంది. కింద ఇంకో చీటీ గుచ్చి ఎక్కడ దొరికింది, ఏ రోజు, ఏ మొక్క మీద అన్నీ రాయాలి. ఇదంతా ఊపిరి బిగబట్టి చెయ్యాలి. ఒక్క తుమ్ము తుమ్మితే ఆరు పురుగులు ఏ దిక్కుకు పోయాయో ఎవరూ చెప్పలేరు.

జిగురక్క అయిదో తరగతి మధ్యలో బడి మానేసిన మనిషి. అయినా ముప్పై ఒక్క ఏళ్ళలో ఆవిడ చేతి పురుగుకు వంక పెట్టినవాడు లేడు. ఆ చేతివాటం మొగుడి దగ్గర అబ్బింది. ఆయన గడియారాలు బాగుచేసేవాడు. పెళ్ళైన కొత్తలో ఆయన బల్ల కింద రాలిన మరలు వెతికి ఏరింది ఈవిడే. కంటికి బిగించుకునే ఆయన భూతద్దం ఇప్పుడు ఈవిడ సంచిలోనే ఉంటుంది. ఆయన అడిగితే, “మీరు కొత్తగా చూసేదేముంది? నన్ను మామూలు కళ్ళతోనే చూడండి, చాలు” అంటుంది.

ఆ గదిలోనే కిటికీ పక్క బల్ల పురుగుల సారుది. మనిషి సన్నం, పొడుగు, మెడ ముందుకు చాచి ఉంటాడు. ఆయనే ఒక పురుగులా ఉంటాడని జిగురక్క అభిప్రాయం. పైకి అనేది కాదు. అంటే ఏ జాతి అని అడుగుతాడు.

సారు చదివిందంతా ఒక్కటే రకం గురించి: ఆకులు తినే గెంతుడు పెంకుపురుగులు. వేలు పెట్టబోతే టక్కున మాయమవుతాయి. ఒళ్ళు చూస్తే ఆవగింజ, వెనక తొడలు చూస్తే పహిల్వాను. ఆకును అంచు నుంచి మర్యాదగా తినవు. ఇక్కడో బెజ్జం, అక్కడో బెజ్జం, ఆకంతా ఎంగిలి చేసి జల్లెడలా వదిలిపెడతాయి. ఇరవై రెండేళ్ళుగా సారు వాటి వెంట పడుతున్నాడు. పక్క గదిలోని తూనీగల మేడమ్ పద్నాలుగు కొత్త జాతులను లోకానికి చూపించింది. సారు ఒక్కటీ చూపించలేదు. అయిదుసార్లు “కొత్తది! కొత్తది!” అని కేకపెట్టాడు. అయిదుసార్లూ వందేళ్ళనాటి ఏదో పుస్తకంలో ఎవరో గడ్డపాయన దాన్ని అప్పటికే రాసిపెట్టేసి ఉన్నాడు. సారుగారి అత్తగారు ఫోను చేసినప్పుడల్లా, “ఏం అల్లుడుగారూ, ఈసారైనా ఏమైనా పుట్టిందా?” అని అడుగుతుందట. ఇంట్లో పిల్లలున్న మనిషినే అలా అడుగుతుంది.

ఆ ఏడు వానలు తగ్గాక సారు ఒక చిన్న సీసా పట్టుకుని గంతులేస్తూ వచ్చాడు. ఊరి చివర పాత గోడ మీద ఒక తీగ పాకిందట. దాని ఆకులన్నీ జల్లెడలేనట. ఆ తీగ మీద దొరికినవి పదకొండు.

“జిగురక్కా, వీటిని జాగ్రత్తగా అంటించండి. నాకెందుకో గుండె కొట్టుకుంటోంది.”

“కొట్టుకోవాలి సార్, ఆగితేనే కంగారు” అంది జిగురక్క.

సారు వెళ్ళాక మొదటి పురుగును తీసి ఆరబెట్టి, జిగురు సీసా మూత తిప్పింది. లోపల జిగురు రాయిలా గట్టిపడిపోయి ఉంది. స్టోరు గుమాస్తాను కేకేస్తే “వస్తోంది, వస్తోంది” అన్నాడు. ఆయన వస్తోంది అన్నది వచ్చేసరికి కొన్ని పురుగులకు మనవలు పుడతారు. ఇక్కడ చూస్తే బయటికి తీసిన పురుగు ఆరిపోతోంది. బాగా ఆరితే ముట్టుకున్న కాలల్లా విరుగుతుంది.

అప్పుడు జిగురక్కకు సంచిలో ఉన్న గోళ్ళరంగు గుర్తొచ్చింది. అది కోడలిది. పళ్ళ డాక్టరు దగ్గర వచ్చేపోయేవాళ్ళ పేర్లు రాసుకునే ఉద్యోగం ఆ పిల్లది. ఆ పొద్దున్నే అడుగంటిన సీసా చేతిలో పెట్టి, “అత్తయ్యా, వచ్చేటప్పుడు సరిగ్గా ఇదే గులాబీ తెండి. ఇంకో గులాబీ అయితే నాకొద్దు” అంది. గులాబీలో ఇన్ని రకాలున్నాయని గులాబీ చెట్టుకైనా తెలియదు. గోళ్ళరంగుతో పురుగులను అంటించడం ఈ పనిలో కొత్తేమీ కాదు. కాకపోతే రంగులేనిది వాడతారు. ఒక్కదానికే కదా అనుకుని, జిగురక్క సూదిమొనతో రవ్వంత తీసి అట్టకు పెట్టింది. ఆ రంగు జిగురులా ఒకచోట ఉండదు, పారుతుంది. పురుగు జారి ఒక పొర్లు పొర్లింది. పట్టుకుని, కుంచెతో తుడిచి, మళ్ళీ కుదురుగా నిలబెట్టింది. సరిగ్గా అప్పుడే స్టోరు గుమాస్తా కొత్త జిగురు సీసాతో ఊడిపడ్డాడు. పావుగంట ముందు రాకూడదని ఒట్టుపెట్టుకున్నట్టు.

మిగతా పదీ మంచి జిగురుతో అంటించి, వరసగా పెట్టి, భూతద్దం కంటికి బిగించి చూసుకుంది. చూస్తే ఏదో తేడాగా తోచింది. ఇలాంటి పురుగులను కొన్ని వేలు అంటించిన చెయ్యి అది. వాటికి నుదుటి మీద, మీసాల పైన, రెండు చిన్న బొడిపెలుంటాయి. వీటికి లేవు. గడియారం అద్దంలా నున్నటి నుదురు.

సారు రాగానే చెప్పింది. “సార్, వీటి నుదురు చూడండి. ఏదో తేడాగా ఉంది.”

సారు అప్పటికే మొదటి పురుగు మీద మైక్రోస్కోపు వంచేశాడు. “ఊఁ, ఊఁ” అన్నాడు. ఆయన ‘ఊఁ’కి అర్థం వినలేదని.

కాసేపటికి ఆయన కుర్చీ వెనక్కి పడింది.

“జిగురక్కా! గులాబీ! ఎడమ వెనక మోకాలు గులాబీ! అద్దంలా మెరుస్తోంది! ఈ రకంలో గులాబీ మోకాలు లోకంలో ఎక్కడా లేదు!”

మిగతా పదింటికీ మోకాళ్ళు నల్లగానే ఉన్నాయి. సారు ముందుకాళ్ళ వెడల్పు చూసి, ఆ పదీ ఆడవి, ఇదొక్కటే మగది అని తేల్చాడు. అక్కడితో ఆయన బుర్రకు రెక్కలొచ్చాయి. “చూశారా, ఆడదాన్ని ఆకట్టుకోవడానికి మగవాడు చేసుకున్న అలంకారం! మోకాలు ఎత్తి చూపిస్తాడన్నమాట!” అని తన మోకాలు ఎత్తి చూపించాడు. “రండి, మీరూ చూడండి, ఇది మీ చేతి మీదుగా వచ్చిన అదృష్టం.”

జిగురక్క వంగి చూసింది. అది ఏ గులాబీయో ఈ లోకంలో ఇద్దరికే తెలుసు. రెండో ఆవిడ పళ్ళ డాక్టరు దగ్గర కూర్చుని ఉంది.

“ఎలా ఉంది?” అన్నాడు సారు.

“బాగానే మెరుస్తోంది” అంది జిగురక్క. అది అబద్ధం కాదు.

ఆ క్షణాన చెప్పేస్తే పోయేది. కానీ నోరు తెరిస్తే ముప్పై ఒక్క ఏళ్ళు మట్టిలో కలుస్తాయి. వంక లేని చెయ్యి, గోళ్ళరంగు పూసిన చెయ్యి అయిపోతుంది. తూనీగల మేడమ్ నవ్వుతుంది. ఆవిడ నవ్వు మెట్లదాకా వినిపిస్తుంది. అందుకని జిగురక్క నోరు మూసుకుంది. నోరు మూసుకోవడం అలవాటు లేని మనిషి కావడంతో దవడలు నొప్పెట్టాయి.

సారు మూడు వారాలు రాశాడు. కొత్త జాతి అని లోకానికి చెప్పాలంటే పురుగును తల నుంచి తోకదాకా మాటల్లో పెట్టాలి. మీసంలో కణుపులెన్ని, రెక్కపెంకు మీద చుక్కలెన్ని, ఏ కాలు ఎంత పొడుగు. ఒకే ఒక్క పురుగును ఎంచి, ‘ఈ జాతి అంటే ఇదే’ అని దానికి ఎర్రచీటీ గుచ్చాలి. ఆ తర్వాత ఎన్నేళ్ళకు ఎవరికి అనుమానం వచ్చినా వచ్చి దాన్నే చూసుకోవాలి. సారు ఆ ఎర్రచీటీకి ఎంచింది గులాబీ మోకాలు వాడినే. పేరు కూడా కుదిర్చాడు. పాతకాలపు ఏదో భాషలో గులాబీ మోకాలు అని దాని అర్థమట. మోకాలి గురించే రెండు పేజీలు రాసి, రోజూ జిగురక్కకు చదివి వినిపించాడు. ఆవిడ అట్టముక్కలు కత్తిరిస్తూ విన్నది. ఆ వారాల్లో ఆవిడ కత్తిరించిన ముక్కోణాలు మ్యూజియానికి ఇంకో పదేళ్ళు సరిపోతాయి.

ఇంట్లో ఇంకో గోల.

“అత్తయ్యా, రంగు దొరికిందా?”

“దొరకలేదు.”

“పోనీ పాత సీసా ఇవ్వండి, నేనే తెచ్చుకుంటా.”

“ఇస్తా. ఎక్కడికి పోతుంది?”

ఆ సీసాను చూస్తేనే దొంగసొత్తులా ఉంది ఆవిడకు. కోడలు విసిగి తనే కొనుక్కుంది. సరిగ్గా అదే గులాబీ. సీసా చూపించకుండానే కొనుక్కొచ్చింది, ఆ కన్ను అలాంటిది.

మొగుడు కనిపెట్టాడు. “ఏమే, కంచంలో పొలం దున్నుతున్నావేంటి?”

చెప్పింది. ఆయన నవ్వు ఆపుకోవడానికి గుటక మింగాడు. “నేనూ ఒకసారి ఓ పెద్దమనిషి గడియారంలో మర తిరగేసి బిగించేశాను. పావుగంట ముందుకు పరిగెత్తేది. ఆయన అన్నిటికీ అందరికంటే ముందే వెళ్ళి, సమయపాలనకు బహుమానం కూడా తెచ్చుకున్నాడు.”

“చెప్పారా ఆయనకు?”

“బహుమానం తెచ్చుకున్నవాడికి ఏం చెప్తాం? కానీ నీ సంగతి వేరు. అచ్చులో పడితే ఇక మర తిప్పలేం. పోయి చెప్పు.”

“మీకేం, మీరు రిటైరయ్యారు” అని విసురుగా లేచిపోయింది.

ఆ కాగితాలు సోమవారం అచ్చుకు పంపిస్తారనగా, శుక్రవారం జిగురక్క కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయింది. మధ్యాహ్నం కోడలే తెచ్చి ఇచ్చింది. వచ్చి ఇచ్చి పోతే ఏ గొడవా లేదు. సారు చూశాడు. మూడు వారాలుగా కనిపించినవాళ్ళందరికీ, చివరికి కుళాయి బాగుచెయ్యడానికి వచ్చినవాడికి కూడా, ఆ మోకాలు చూపిస్తున్న మనిషి ఆయన.

“రామ్మా, రా! మీ అత్తగారు అంటించిన అద్భుతం చూడు! మగపురుగు మోకాలు!”

“దానికి పనుంది సార్, పోవాలి” అంది జిగురక్క.

“ఏం పనీ లేదు అత్తయ్యా, ఈ పూట సెలవే” అంటూ కోడలు మైక్రోస్కోపు ముందు కూర్చుని, రెండు చేతులతో మరను పట్టుకుంది. పది గోళ్ళూ గులాబీ. కిటికీ వెలుతురులో మెరుస్తున్నాయి. అద్దంలోంచి చూస్తే ఒక మోకాలు, బయట చూస్తే పది మోకాళ్ళు. జిగురక్క గబగబా వెళ్ళి కోడలి చేతుల మీద దుమ్ముగుడ్డ కప్పింది.

“ఏంటత్తయ్యా?”

“చలి.”

“నాకేం చలి లేదే!”

కోడలు అద్దంలో కన్ను పెట్టి చూసింది. కదలకుండా చాలాసేపు చూసింది. తర్వాత తలెత్తి అత్తగారి వైపు చూసింది. గుడ్డ కింద తన చేతుల వైపు చూసింది. ఆ కన్నుకు అంతా అర్థమైపోయిందని జిగురక్కకు అర్థమైపోయింది. ఇక బద్దలవుతుంది అనుకుంది.

కోడలు నింపాదిగా, “చాలా బాగుంది సార్. మగపురుగే అయినా మంచి అభిరుచి” అంది. చేతులు గుడ్డ కిందే ఉంచుకుని, అత్తగారికి కన్ను గీటింది.

అంతే. పరువు పోవడమైనా ఓర్చుకునేదేమో గానీ, పరువును కోడలు కాపాడటం జిగురక్క వల్ల కాలేదు. రేపటి నుంచి ఇంట్లో ఆ కన్ను గీటుడు కింద బతకాలి. టీ పెట్టమన్నా గీటుతుంది, కిటికీ మూయమన్నా గీటుతుంది.

“సార్, అది గోళ్ళరంగు” అంది.

“ఏది?”

“మీ గులాబీ మోకాలు. ఆ రోజు జిగురు గట్టిపడిపోయింది. దీని గోళ్ళరంగుతో అంటించాను. పురుగు పొర్లింది. నేను తుడిచాననుకున్నాను.” దుమ్ముగుడ్డ లాగేసింది. “కావాలంటే పక్కన పెట్టి చూసుకోండి.”

సారు చూశాడు. గోళ్ళు చూశాడు, పురుగును చూశాడు, మళ్ళీ గోళ్ళు చూశాడు. మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు. మెడ మొదటిసారి వెనక్కి వెళ్ళింది.

“ఆడదాన్ని ఆకట్టుకుంటుందని రాశానే” అన్నాడు నీరసంగా.

“నాకు నచ్చింది కదా సార్” అంది కోడలు, ఓదార్పుగా.

“మూడు వారాలు చెప్పలేదే జిగురక్కా!”

“చెప్పలేదు. తప్పే. పొగరు అడ్డమొచ్చింది.” ఈ మాట అనడానికి జిగురక్కకు ముప్పై ఒక్క ఏళ్ళు పట్టింది. “కానీ మీరు కూడా నేను చెప్పిన మాట వినలేదు. మొదటి రోజే నుదురు చూడండి అన్నాను. మీరు ఊఁ, ఊఁ అన్నారు.”

“నుదురేంటి?”

“ముందు ఆ రంగు కడగనివ్వండి, తర్వాత చూద్దురు.”

కోడలి సంచిలో గోళ్ళరంగు తుడిచే మందు ఉంది. జిగురక్క కుంచెమొనతో ఆ మందు తాకించింది. గులాబీ కరిగింది. లోపలి నుంచి అందరి మోకాళ్ళలాంటి నల్లమోకాలు బయటపడింది. అట్టకు పట్టిన రంగు కూడా కరిగి, పురుగు ఊడి ఆవిడ అరచేతిలో పడింది. సారు అదీ పోయిందనుకుని కళ్ళు మూసుకున్నాడు.

“కళ్ళు తెరవండి. నుదురు చూడండి.”

ఈసారి చూశాడు. పాత పెట్టెల్లోంచి దగ్గరి చుట్టాలను తీసి పక్కన పెట్టి చూశాడు. వాటన్నిటికీ రెండేసి బొడిపెలు. ఈ పదకొండింటికీ నున్నగా. సారు మెడ మళ్ళీ ముందుకొచ్చింది.

“నుదురు ఒక్కటే చాలదు” అని గొణిగాడు. “మగదాన్ని కోసి చూడాలి. ఒక్కటే ఉందని ఇన్నాళ్ళూ భయపడ్డాను. దాని లోపల... అదీ... ఒక భాగం ఉంటుంది...” అంటూ కోడలి వైపు చూసి నీళ్ళు నమిలాడు.

“ఏ భాగం సార్?” అంది కోడలు.

“మగతనం” అంది జిగురక్క. “పైకి అన్నీ అన్నదమ్ముల్లా ఉన్నా, అది మాత్రం ఒక్కో జాతికి ఒక్కో వంపు. నువ్వు అటు తిరుగు, సారుకు సిగ్గు.”

కోడలు తిరగలేదు. పట్టకారు జిగురక్కే తీసుకుంది. గోరువెచ్చటి నీళ్ళలో పురుగును మెత్తబరిచి, కొక్కెంలా వంచిన సూదితో, మొగుడి గడియారాల్లోంచి మర ఊడదీసినంత నేర్పుగా, నలుసంత గొట్టాన్ని బయటికి తీసి గాజుపలక మీద పెట్టింది. సారు చూశాడు. ఈసారి కుర్చీ పడలేదు, ఆయనే పడ్డాడు.

“చేపతోక! కొస చీలి చేపతోకలా ఉంది!”

జిగురక్క పురుగును ఈసారి మంచి జిగురుతో మళ్ళీ అట్టకు అంటించింది. పుస్తకాల్లో ఉన్న బొమ్మలన్నీ తిరగెయ్యడానికి సారుకు తొమ్మిది రోజులు పట్టింది. దేశదేశాల మ్యూజియాలకు ఫొటో పంపించి అడిగాడు. అలాంటి చేపతోక ఎక్కడా లేదు. గడ్డపాయనలు ఎవ్వరూ ఈ పురుగును చూడలేదు. కొత్తదే.

పేరు దగ్గర మళ్ళీ పేచీ వచ్చింది. జిగురక్క పేరే పెడతానన్నాడు సారు. ఆవిడ రెండు చేతులూ అడ్డం పెట్టింది. “వద్దు బాబూ! ఎవరి తీగ జల్లెడైనా మందు కొడుతూ నన్ను తిట్టుకుంటారు. ఇప్పుడు తిట్టేవాళ్ళు చాలు.” చివరికి నున్నటి నుదురు అనే అర్థం వచ్చే పేరు కుదిరింది.

ఆరు నెలలకు అచ్చైన కాగితం వచ్చింది. సారు బల్ల పక్కన నిలబడి, పెళ్ళి శుభలేఖ చదివినట్టు చదివి, అర్థం చెప్పాడు. అంతా బాగానే ఉంది. ఎర్రచీటీ పురుగు దగ్గరికి వచ్చేసరికి ఒక వాక్యం ఉంది. ‘ఈ నమూనా ఎడమ వెనక మోకాలి సందులో గులాబీ గోళ్ళరంగు ఆనవాలు ఇంకా కొద్దిగా ఉంది. అది జాతి లక్షణం కాదు.’

జిగురక్క మొహం కందగడ్డ అయింది. “అది తీసెయ్యండి!”

“అచ్చైపోయింది జిగురక్కా. తీయకూడదు కూడా. నమూనా ఉన్నది ఉన్నట్టు రాయాలి. లేకపోతే వందేళ్ళ తర్వాత ఇంకో పిచ్చివాడు ఆ సందు చూసి మళ్ళీ మోకాలు ఎత్తుతాడు.”

ఇంట్లో కోడలు ఆ కాగితాన్ని మూడు జిరాక్సులు తీయించింది. ఒకటి పళ్ళ డాక్టరు బల్ల మీద అద్దం కింద పెట్టింది. నోరు తెరిచి కూర్చున్నవాళ్ళందరికీ చెబుతోందట, “ఇదిగో ఈ రంగు నాదే, లోకమంతా చదువుతోంది” అని. పాపం, వాళ్ళకు నోరు మూసే వీలు లేదు. మొగుడు కూడా కాగితం దూరంగా పట్టుకుని చూసి, “అంటించిన మనిషి ఊసే లేదే” అన్నాడు. ఆ మాట జిగురక్క మనసును పురుగులా తొలిచింది.

మర్నాడు పొద్దున్నే అందరికంటే ముందు మ్యూజియానికి వెళ్ళి, గోరుముక్కంత చీటీ కత్తిరించింది. భూతద్దం కంటికి బిగించి, ఊపిరి బిగబట్టి, అయిదో తరగతి అక్షరాలతో రాసింది. నమూనా పెట్టె తెరిచి, ఎర్రచీటీ కింద అదే సూదికి గుచ్చింది. సారు వచ్చి వంగి చూశాడు.

‘అంటించింది జిగురక్క, రెండుసార్లు. మొదటిసారి రంగు కోడలిది.’

“జిగురక్కా, ఇలాంటి చీటీలు గుచ్చకూడదు” అన్నాడు సారు.

“ఉన్నది ఉన్నట్టు రాయాలన్నారుగా” అని ఆవిడ పెట్టె మూత వేసి, పట్టకారు అందుకుంది.